లేసు అల్లేవారి చూపును ఏ సాఫ్ట్‌వేర్‌తో కొలవాలి?

ప్రశ్న: నేను నరసాపురం దగ్గర ఒక పల్లె నుంచి ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నానండి. మా అమ్మ, పెద్దమ్మ చిన్నప్పటి నుంచి లేసు అల్లుతున్నారు. మూరెడు లేసులో ఎక్కడో తప్పిపోయిన ఒక్క ముడిని ఇట్టే పట్టేస్తారు. లేసు అల్లే ఆడవాళ్ళకు వెతికి పట్టుకునే చూపు మిగతావారికంటే చురుగ్గా ఉంటుందా అన్నది నా డిసర్టేషన్ అంశం. మా గైడ్ గారు స్ట్రూప్ పరీక్ష పెట్టమన్నారు. అది కూడా ఈ-ప్రైమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తేనే సమయం కొలత నమ్మేలా ఉంటుందన్నారు. అది కొనే స్తోమత నాకు లేదు. ప్రోగ్రామింగ్ రాదు. ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. ఉచితంగా దొరికేవాటిలో ఏది వాడమంటారు? లింకు తయారుచేసి వాట్సాప్‌లో అందరికీ పంపేస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఈ-ప్రైమ్ కొనవలసిన అవసరం లేదు. ఉచితంగా దొరికే సైకోపై అనే సాఫ్ట్‌వేర్‌తో మీ పని నిక్షేపంగా జరుగుతుంది. వాట్సాప్ లింకు ఆలోచన మానుకోండి. స్ట్రూప్ మంచి పరీక్షే గాని, మీరు అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. పరీక్ష ఏదో తేలకుండా సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవడం కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించడం వంటిది కాబట్టి, స్ట్రూప్ నుంచే మొదలుపెడతాను.

జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన పరీక్షలో రంగు పేరును వేరే రంగు సిరాతో అచ్చువేసి, మాటను పట్టించుకోకుండా సిరా రంగు చెప్పమంటారు. చదవడం బాగా అలవాటైన మనసు వద్దన్నా ఆ మాటను చదివేస్తుంది. దాన్ని అణచుకోవడానికి పట్టే అదనపు సమయమే అక్కడ కొలిచేది. అంటే ఆ పరీక్ష మొత్తం చదివే అలవాటు మీద నిలబడి ఉంది. చిన్న తరగతుల్లోనే బడి మాని లేసు పట్టుకున్న ఒక పెద్దావిడకు చదవడం ధారాళంగా రాకపోతే, ఆ మాట ఆమెను పెద్దగా అడ్డుకోదు. అప్పుడు వచ్చే మంచి అంకెను మీరు ఏకాగ్రత అని రాసుకుంటారు. నిజానికి అది చదువు దక్కకపోవడం. దీనికి తోడు, ఆ పరీక్షను తెలుగులోకి తెచ్చేవారు చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. మన వైపు "పచ్చ చీర" అంటే ఒకరికి పసుపు రంగు, ఇంకొకరికి ఆకు రంగు; పచ్చని పసుపుకొమ్ము అన్న నోటితోనే పచ్చని వరిచేను అంటాం. పోనీ అనుమానం లేకుండా "ఆకుపచ్చ" అని రాద్దామంటే, పక్కన ఉన్న "నీలం" రెండక్షరాల మాట, ఇది నాలుగక్షరాల మాట. ఆ పొడవు తేడాయే చదివే సమయాన్ని మార్చేస్తుంది.

మీకు కావలసిన పరీక్ష మీ ఉత్తరంలోనే ఉంది. మూరెడు లేసులో తప్పిన ముడిని పట్టుకోవడాన్ని మనస్తత్వశాస్త్రంలో దృశ్య అన్వేషణ అంటారు. ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ 1980లో ప్రచురించిన పరిశోధనతో అది ఈ రంగంలో ఒక ప్రధాన పద్ధతిగా స్థిరపడింది. తెర మీద కొన్ని బొమ్మలు చూపించి, వాటిలో ఫలానాది ఉందా లేదా అని అడుగుతారు. మీ పరీక్షకు అక్షరాలు వద్దు. కళ్ళ డాక్టర్లు వాడే, ఒకచోట తెగిన గాజులాంటి వలయాలను తీసుకోండి. పక్కకో కిందికో తెగిన గాజుల మధ్య పైకి తెగిన గాజు ఉందా లేదా చెప్పడమే పని. ఒకసారి 4 గాజులు, ఒకసారి 8, ఒకసారి 12 చూపించండి. సగంసార్లు వెతికేది ఉండాలి, సగంసార్లు ఉండకూడదు.

సంఖ్యను ఇలా మార్చడంలో మీకు ఎంతో మేలు చేసే కిటుకు ఉంది. ఉదాహరణకు ఒకామె 4 గాజులకు 900 మిల్లీసెకన్లు, 8 గాజులకు 1100 మిల్లీసెకన్లు తీసుకున్నదనుకుందాం. పెరిగిన 4 గాజులకు 200 మిల్లీసెకన్లు, అంటే గాజుకు 50. ఇప్పుడు మీ కీబోర్డు ప్రతి నొక్కుడునూ 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా నమోదు చేస్తున్నదనుకోండి. అంకెలు 930, 1130 అవుతాయి. గాజుకు పట్టే సమయం మాత్రం అదే 50. ల్యాప్‌టాప్ కొత్త కాబట్టి వేలు తడబడే పెద్దమ్మగారికి ప్రతిసారీ దాదాపు ఒకే ఆలస్యం జరిగినా ఇంతే. మొత్తం సమయాన్ని పోల్చితే కీబోర్డు అలవాటును కొలిచినట్టవుతుంది. ఈ పెరుగుదలను పోల్చితే వెతుకులాటను కొలిచినట్టవుతుంది. మీ గైడ్ గారికి వివరించేటప్పుడు ముందుగా ఈ లెక్కే చూపించండి.

ఇక లింకు సంగతి. వాట్సాప్‌లో పంపిన పరీక్షను ఒకరు పగిలిన తెర ఉన్న చిన్న ఫోనులో, మరొకరు కొడుకు కొన్న పెద్ద ఫోనులో చేస్తారు. గాజుల పరిమాణం, తాకిడిని ఫోను గుర్తించే వేగం, వెలుతురు అన్నీ మారిపోతాయి. ఒకే మనిషిలో రెండు పరిస్థితులను పోల్చే ప్రయోగాలకు ఇంటర్నెట్ పద్ధతి చాలాసార్లు సరిపోతుంది, ఎందుకంటే ఆ మనిషి ఫోను రెండు పరిస్థితులకూ ఒకటే. మీరు పోల్చేది రెండు గుంపులను. ఒక గుంపువారి ఫోన్లు మరో గుంపువారి ఫోన్లకంటే పాతవైతే, ఆ తేడా చూపులో తేడాగా వేషం వేసుకుని వస్తుంది. ఈ పాఠం నేను చేదుగానే నేర్చుకున్నాను. ఎన్నో ఏళ్ళ క్రితం నేను నడిపిన ఒక ప్రయోగంలో తొందర కొద్దీ ఒక గుంపును పాత కంప్యూటర్ ముందు, రెండో గుంపును కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. గుంపుల మధ్య చక్కని తేడా వచ్చింది. సంతోషం పట్టలేక రాసుకోవడం కూడా మొదలుపెట్టాను. తరువాత అనుమానం వచ్చి కంప్యూటర్లను మార్చి ఇంకొంతమందిని పరీక్షిస్తే, ఆ తేడా మనుషులను వదిలి యంత్రంతో పాటు వెళ్ళిపోయింది. రెండు నెలల పని పారేయవలసి వచ్చింది. అందుచేత రెండు గుంపులకూ ఒకే ల్యాప్‌టాప్, ఒకే కీబోర్డు వాడండి; పైగా ఒక గుంపును పూర్తిగా ముగించి రెండో గుంపుకు వెళ్ళకుండా, ఈ గుంపులో ఒకరిని, ఆ గుంపులో ఒకరిని మార్చి మార్చి కూర్చోబెట్టండి.

ఈ-ప్రైమ్ గురించి మీ గైడ్ గారు చెప్పినదానిలో నిజం లేకపోలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న సైకాలజీ సాఫ్ట్‌వేర్ టూల్స్ సంస్థ తయారుచేసే ఆ ప్యాకేజీ చాలాకాలంగా ప్రయోగశాలల్లో నమ్మకం సంపాదించుకున్నది. అది విండోస్ మీదే పనిచేస్తుంది, లైసెన్సు కొనాలి. అయితే ఆ నమ్మకం ఇప్పుడు దాని ఒక్కదాని సొత్తు కాదు. 2020లో పీర్‌జే పత్రికలో వచ్చిన ఒక పెద్ద పోలికలో, ప్రయోగశాలలో వాడే ప్యాకేజీలను పరికరాలతో కొలిచి చూస్తే, సైకోపై, ఈ-ప్రైమ్, ప్రెజెంటేషన్, సైక్‌టూల్‌బాక్స్ నాలుగూ సగటున ఒక మిల్లీసెకనులోపు నిలకడతో పైవరుసలో నిలిచాయి. ఆ పోలిక చేసినవారిలో సైకోపైని తయారుచేసిన జొనాథన్ పియర్స్ కూడా ఉన్నారన్న సంగతి దాచకుండా మీ గైడ్ గారికి చెప్పండి. ఆ పత్రాన్ని ముద్రించి తీసుకువెళ్ళి ఆయన ముందు పెడితే, పెద్దవారి మాట కాదన్నట్టు ఉండదు, మీ పనీ జరుగుతుంది.

సైకోపై ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అందులో బిల్డర్, కోడర్ అని రెండు భాగాలున్నాయి. మీరు కోడర్ జోలికి వెళ్ళనవసరం లేదు. బిల్డర్‌లో ఒక ట్రయల్‌ను, అంటే ఒకసారి బొమ్మ చూపించి జవాబు తీసుకోవడాన్ని, కాలరేఖ మీద బొమ్మలుగా పేర్చుతారు: మొదట మధ్యలో కూడిక గుర్తు అర సెకను, తరువాత గాజుల బొమ్మ, దానితోపాటే కీబోర్డు జవాబు. కింద ఉన్న వరుసలో ఈ ట్రయల్ చుట్టూ దాన్ని మళ్ళీ మళ్ళీ నడిపే ఒక లూపు వేసి, దానికి ఒక ఎక్సెల్ షీటు జతచేస్తారు. ఆ షీటులో ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క ట్రయల్; ఏ బొమ్మ చూపించాలి, అందులో గాజులెన్ని, సరైన జవాబు ఏ కీ అన్నవి నిలువువరుసలు. షీటు సరిగా రాయగలిగితే ప్రయోగంలో ముప్పావువంతు పని అయిపోయినట్టే. అందుకే కంప్యూటర్ తెరవకముందు, ఒక ట్రయల్‌లో ఏ క్షణాన ఏం జరుగుతుందో కాగితం మీద గీసుకోండి. కాగితం మీద తేలని ప్రయోగం బిల్డర్‌లోనూ తేలదు.

గాజుల బొమ్మలను పవర్‌పాయింటులో గీసుకోవచ్చు. అన్ని స్లయిడ్లనూ ఒకేసారి పీఎన్‌జీ బొమ్మలుగా దాచుకునే వీలు అందులో ఉంది. మూడు సంఖ్యలు, ఉండటం, లేకపోవడం కలిపి ఆరు రకాలు కదా, ఒక్కొక్క రకానికి 10 చొప్పున 60 స్లయిడ్లు గీయండి. ఒక్కొక్కదానికి నకలు తీసి, గాజులన్నింటినీ కలిపి అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పండి. పైకి తెగిన గాజు పైకే ఉంటుంది, కొత్త బొమ్మ మాత్రం తయారవుతుంది. అలా వచ్చిన 120 బొమ్మలను రెండేసిసార్లు చూపిస్తే 240 ట్రయల్స్. అరవై బొమ్మలనే నాలుగేసిసార్లు చూపించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఒకే అమరిక పదేపదే ఎదురైతే, మనిషికి తెలియకుండానే వెతుకులాట వేగం పెరుగుతుందని చున్, జియాంగ్ 1998లో చూపించారు. అందుకే బొమ్మలు ఎన్ని ఎక్కువైతే అంత మేలు. ట్రయల్‌కు మూడు సెకన్ల చొప్పున మొత్తం 12 నిమిషాలు. 60 ట్రయల్స్‌కు ఒకసారి విరామం ఇవ్వండి. అసలు పరీక్షకు ముందు తప్పొప్పులు చెబుతూ 20 సాధన ట్రయల్స్ చేయించండి. వాటిని లెక్కలో కలపకండి.

మీ ల్యాప్‌టాప్‌లో బిల్డర్ తెరుచుకోవడానికి కాస్త సమయం పట్టవచ్చు, కంగారు పడకండి. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ మరీ పాతవై సైకోపై అసలు నడవనంటే, సెబాస్టియాన్ మతో తదితరులు రూపొందించి 2012లో ప్రకటించిన ఓపెన్‌సెసమీ వాడండి. అదీ ఉచితమే, అదీ లాగి పేర్చే పద్ధతే. జేఎస్‌సైక్ అనే ఇంకో ప్యాకేజీ చాలా మంచిది గాని, దానికి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి. పైగా అది బ్రౌజరులో నడుస్తుంది కాబట్టి, మనం ఏర్పాటు చేసుకోకపోతే పేజీ మూసినప్పుడు సమాచారం కూడా పోతుంది. సైక్‌టూల్‌బాక్స్‌కు మాట్‌ల్యాబ్ గాని ఆక్టేవ్ గాని, అంటే వాటిలో ప్రోగ్రామింగ్, వచ్చి ఉండాలి. ఇవేవీ ఇప్పుడు మీకు అక్కరలేదు. అసలు ఇటువంటి పరీక్షలు ఎలా ఉంటాయో ఒక సాయంత్రం స్వయంగా చేసి చూడాలనుకుంటే మాత్రం, సైటూల్‌కిట్ అనే వెబ్‌సైటులో తయారుగా ఉన్న ప్రయోగాలు ఉచితంగా దొరుకుతాయి.

తెలుగు గురించి ఒక హెచ్చరిక. ఇటువంటి ప్యాకేజీలను తయారుచేసినవారు మన ఒత్తులను, గుణింతాలను దృష్టిలో పెట్టుకోలేదు. మీరు సూచనలను తెలుగులో టైపు చేస్తే, కొన్ని కంప్యూటర్లలో ఒత్తు అక్షరం కిందికి దిగకుండా, పక్కనే పొల్లు పెట్టుకుని విడిగా నిలబడుతుంది. దానితో కుస్తీ పట్టకండి. సూచనలను కూడా పవర్‌పాయింటులో రాసి, బొమ్మగా చూపించండి. ఇంకా మంచిది, మీ గొంతుతో మీ యాసలోనే రికార్డు చేసి వినిపించడం. ఒక గుంపుకు ఓపికగా, మరో గుంపుకు హడావిడిగా చెప్పే ప్రమాదం కూడా దానితో తప్పుతుంది. మాటలతో ప్రయోగం చేసే రోజు మీకు వస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి: "స్త్రీ" అన్నది చదివేవారి కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు. మాట పొడవును కంప్యూటర్‌తో లెక్కపెట్టించుకుంటే తప్పు లెక్క వస్తుంది.

ప్యాకేజీ ఎంత మంచిదైనా మీ ల్యాప్‌టాప్ ఎలా ఉందో అది చెప్పదు. దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించే దారి ఉంది. కీ నొక్కగానే నల్లని తెర తెల్లగా మారేలా బిల్డర్‌లో చిన్న ప్రయోగం తయారుచేయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ ఉన్న ఫోను ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి, వేలు, తెర రెండూ కనిపించేలా వీడియో తీయండి. తరువాత ఒక్కొక్క ఫ్రేము జరుపుతూ, కీ అడుగుకు తాకిన ఫ్రేము నుంచి తెర తెల్లబడిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. ఒక ఫ్రేము అంటే దాదాపు 4 మిల్లీసెకన్లు. ఇరవైసార్లు చేయండి. ప్రతిసారీ ఇంచుమించు ఒకే సంఖ్య వస్తే ఆలస్యం ఉన్నా భయం లేదు. ఒకసారి 10, ఒకసారి 25 వస్తుంటే ఏదో అడ్డుపడుతోందన్నమాట: యాంటీవైరస్, అప్‌డేట్లు, లేదా బ్యాటరీ పొదుపు. ఇదే పరీక్షను కరెంటు పెట్టి ఒకసారి, బ్యాటరీ మీద ఒకసారి చేయండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళలో తిరుగుతారు కాబట్టి, అందరికీ పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీ మీదే, పొదుపు సెట్టింగు తీసేసి, తెర వెలుతురు ఒకే స్థాయిలో ఉంచి నడపడం నయం.

ఇక వరండాలో కూర్చున్న మనిషి దగ్గరికి వద్దాం. ల్యాప్‌టాప్ ఎప్పుడూ ముట్టని ఆవిడకు "ఎఫ్ నొక్కండి, జే నొక్కండి" అని చెప్పకండి. ఒక కీ మీద ఎర్రని స్టిక్కరు బొట్టు, మరొక కీ మీద నల్లని స్టిక్కరు బొట్టు అంటించండి. ఉంటే ఎరుపు, లేకపోతే నలుపు. రెండు చూపుడువేళ్ళూ ఆ బొట్ల మీదే ఆనించి ఉంచమనండి. తెరకు ఎదురుగా వాకిలి వెలుతురు పడితే గాజు ఎటు తెగిందో కనపడదు, కాబట్టి గోడవైపు తిప్పి కూర్చోబెట్టండి. నలభై దాటినవారికి చత్వారం ఉంటుంది. లేసు అల్లేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకోమని అడగండి. కళ్ళజోడు లేనివారికి ముందుగా తెర మీద ఒకే ఒక్క గాజును చూపించి, ఎటు తెగిందో చెప్పగలుగుతున్నారో లేదో చూడండి. చెప్పలేనివారిని పరీక్షిస్తే మీరు కొలిచేది చత్వారాన్నే.

పోల్చే గుంపుగా మీ క్లాసు అమ్మాయిలను తీసుకోవద్దు. వయసు, చదువు, కంప్యూటర్ అలవాటు అన్నీ వేరు. అదే వీధిలో, అదే వయసులో, దాదాపు అంతే చదువుకుని, లేసు అల్లని ఆడవాళ్ళు మీకు కావాలి. అవకాశం ఉంటే రెండో భాగంగా, అల్లిక తప్పిన లేసు ఫోటోలతో చిన్న వెతుకులాట కూడా పెట్టండి. గాజుల్లో ఇద్దరూ సమానంగా ఉండి, లేసులో మాత్రం మీ అమ్మగారివంటివారు ముందుంటే, ఆ చురుకు చేతిపనికి అంటిపెట్టుకున్నదని అర్థం. రెండింటిలోనూ ముందుంటే అది మరింత పెద్ద సంగతి. రెండింటిలోనూ తేడా లేకపోయినా అలాగే రాయండి. తేడా రాని డిసర్టేషన్ తప్పు డిసర్టేషన్ కాదు.

లేసు పని చేసేవారికి కూలి అల్లినదాన్ని బట్టి వస్తుంది. మీతో గడిపిన అరగంట వారికి పోయిన అరగంట. ఎంత తక్కువైనా ఆ సమయానికి డబ్బు ఇవ్వండి, ఇస్తున్నట్టు కాలేజీ ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో రాయండి. అంగీకారపత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చని స్పష్టంగా చెప్పండి; పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరిగా తీసుకోండి. కంప్యూటర్‌లో పేర్లు కాకుండా అంకెలు వాడండి. ఏ అంకె ఎవరిదో ఒక పుస్తకంలో రాసి, దాన్ని వేరేచోట దాచండి.

మొదటి మనిషిని పిలవకముందు మూడు పనులు చేయండి. మీరే మొత్తం పరీక్ష చేసి, ఫైలు తెరిచి చూడండి. సైకోపై సమయాన్ని సెకన్లలో రాస్తుంది, ఓపెన్‌సెసమీ మిల్లీసెకన్లలో రాస్తుంది, 0.943 అని ఉంటే కంగారు పడి సరిచేయకండి. ఆ తరువాత కావాలనే తప్పు కీలు నొక్కి, తప్పు తప్పుగానే నమోదైందో లేదో చూడండి. చివరిగా, సగం పరీక్షలో ల్యాప్‌టాప్ పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేసి, మళ్ళీ తెరిచి, అప్పటివరకు చేసిన ట్రయల్స్ ఫైలులో మిగిలాయో లేదో చూసుకోండి. మిగలకపోతే పరీక్షను నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కను విడి ఫైలుగా నడపండి. మరీ తొందరగా, ఉదాహరణకు 200 మిల్లీసెకన్లలోపు నొక్కిన జవాబులను, మరీ ఆలస్యమైనవాటిని ఏ హద్దు దగ్గర తీసేస్తారో అంకెలు చూడకముందే కాగితం మీద రాసి తేదీ వేయండి.

మీ అమ్మగారినీ పెద్దమ్మగారినీ అసలు లెక్కలో చేర్చవద్దు. మీరు ఏం కోరుకుంటున్నారో వారికి ముందే తెలుసు. సాధనకు మాత్రం మొదట వారినే కూర్చోబెట్టి, బొట్లు అంటించిన కీలు ఎక్కడ ఇబ్బంది పెడుతున్నాయో, గాజులు ఎంత పెద్దవిగా ఉండాలో వారినే అడగండి. ఆ సాధన ఫైళ్ళు, మీ ఎక్సెల్ షీటు పంపితే, వరుసలు సరిగా పడ్డాయో లేదో చూసి రాస్తాను.